చప్పుడు చేయని బండి

మా ఆయన సొంత అల్లుడి వ్యాను టైర్లలో గాలి తీసి ఇంటికి వచ్చేసరికి నేను చారుకి చింతపండు పిసుకుతున్నాను. ఆయన చెప్పులు విప్పకముందే ఆ కబురు మా నాచారం గల్లీ అంతా తిరిగి నా దగ్గరికి వచ్చి కూర్చుంది.

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె నడుస్తున్న రోజులవి. ఉప్పల్ డిపోలో బస్సులన్నీ వరసగా కట్టేసిన గొడ్లలా నిలబడిపోయాయి. మా ఆయన ఉప్పలయ్య ఆ డిపోలోనే డ్రైవరు. డ్యూటీకి పోయినట్టే పొద్దున్నే ఖాకీ చొక్కా తొడుక్కుని సమ్మె టెంటుకి పోయేవాడు, సాయంత్రానికి బొంగురు గొంతుతో తిరిగొచ్చేవాడు. అల్లుడు దయాకర్‌ది సొంత వ్యాను. పీర్జాదిగూడ నుంచి ఉప్పల్ దాకా మనుషుల్ని ఎక్కించుకుని తిప్పుతాడు. బస్సులు లేకపోయేసరికి అతని వ్యాను కిటకిటలాడింది. ఉప్పల్ చౌరస్తాలో సమ్మెవాళ్ళు బండ్లు ఆపుతుంటే అదీ దొరికింది. "ఎవని బండయితేంది, తియ్యిన్రి గాలి" అంటూ మా ఆయనే ముందు వంగాడట.

"అందరి ముందట మామా అని పిలిచిండు," అన్నాడు కంచం ముందు కూర్చుని. "ఈడ మామ లేడు, అల్లుడు లేడు, సమ్మె ఉన్నది అన్న."

"పిల్లగాడు ఏమన్నడు?"

"నెల తిరిగితే జీతం పడేటోళ్ళు సమ్మె జేస్తరు, దినాం తిప్పుకొని తినేటోడు ఏం జెయ్యాలె అన్నడు. నాకే జెప్తడా? నా గడప తొక్కకు అన్న."

నా చేతిలోని గరిటె చారులో పడిపోయింది. సంతోషి మాకు ఒక్కతే కూతురు. తొలి కాన్పు. తొమ్మిదో నెల పడగానే, బతుకమ్మ పండుగకి ఇంటికి తెచ్చుకుని, బిడ్డ పుట్టేదాకా నా దగ్గరే ఉంచుకుందామని అంతా అనుకుని ఉన్నాం. కిటికీ దగ్గరి మంచం మీద పరుపు కూడా ఎండబెట్టి వేశాను. ఆ సాయంత్రం ఫోన్ చేస్తే సంతోషి ఏడవలేదు. ఏడ్చి ఉంటే బాగుండేది.

"మా ఆయన తొక్కని గడప నేనెట్ల తొక్కుత అమ్మా?" అంది. "నాయిన పిలిస్తే వస్తం. ఇద్దరం వస్తం. లేకుంటే ఇక్కడనే కంట."

"ఇగ చూడు," అన్నాడు మా ఆయన. "వాడు తప్పయిందని వస్తె నేను కాదంటనా?"

ఈయన పిలవడు, అల్లుడు రాడు. పంతం దగ్గర ఆడా మగా, మామా అల్లుడూ అందరూ ఒకటే. కానీ నాకు అలాంటి పంతాలు చూస్తే వణుకు. మా అన్న ఒక ముద్ద పప్పు దగ్గర మాటొచ్చి, "ఈ ఇంట్ల మళ్ళ తినను" అని భుజాన తువ్వాలేసుకుని బయటికి నడిచినవాడు మళ్ళీ రాలేదు. భీవండిలో మగ్గాల దగ్గర ఉన్నాడని ఒకరన్నారు, సూరత్‌లో ఉన్నాడని ఇంకొకరన్నారు. అప్పటి నుంచీ ఇంట్లో ఎవరు చెప్పులు తొడుక్కున్నా నా గుండె ఒక మెట్టు కిందికి దిగుతుంది. పాలకి పోతున్నారా, పట్నం వదిలి పోతున్నారా అని దానికి తేడా తెలియదు.

పోయి బిడ్డను చూసి రావాలి. ఎలా పోవాలి? నాకప్పుడు యాభై దాటింది. మోకాళ్ళు మాత్రం నాకంటే ఇరవై ఏళ్ళు పెద్దవి. "గుజ్జు అరిగిపోయిందమ్మా" అని డాక్టరు ఎక్స్‌రేని దీపానికి ఎత్తి చూపించి చెప్పాడు. పావు కోసు నడిస్తే లోపల ఇసుక నూరినట్టు ఉండేది. ఆటోల్లో మనిషి ఒళ్ళో మనిషి. కాళ్ళు ముడుచుకుని కూర్చుంటే దించేటప్పుడు ఇద్దరు పట్టుకోవాలి. అయినా ఎవరి ఆటో ఎక్కినా ఉప్పల్ చౌరస్తాలో టెంటు ముందు నుంచే పోవాలి. ఆ టెంటులో ఉన్న ప్రతి కండక్టరుకీ నేను "ఉప్పలన్న భార్య"ని. సాయంత్రానికల్లా మా ఆయన చెవిలో పడుతుంది. "నాకు చెప్పకుండ పోయినవా, ఇగ పోవద్దు" అంటాడు. ఆయన ఒక్కసారి నోరు తెరిచి వద్దంటే, ఇక నేను పోలేను. అందుకే అనిపించుకోకుండా పోవాలి.

ఈ చింతంతా మా పక్కింటి కామాక్షి ముందు వెళ్ళగక్కాను. కామాక్షిది తెనాలి వైపు. భర్త బ్యాంకులో పని చేస్తాడు. టీవీలో రెండు వైపులవాళ్ళూ గొంతులు చించుకుంటున్నప్పుడు మేమిద్దరం ఆవిడ వరండాలో ఒకే చేటలో చిక్కుడుకాయలు ఒలుచుకునేవాళ్ళం.

"వదినా, ఒక మాట చెప్తాను, తిట్టకండి," అంది. "మా షెడ్డులో కరెంటు సైకిలుంది. తీసుకెళ్ళండి."

"నేనా? సైకిలా?"

"పెట్రోలక్కర్లేదు, లైసెన్సక్కర్లేదు. చప్పుడు కూడా ఉండదు. దొంగతనంగా వెళ్ళడానికి అంతకంటే మంచి బండి దేవుడు కూడా చెయ్యలేడు."

"మరి నువ్వెందుకు తొక్కవు?"

"ఒకసారి పడ్డాను. అప్పట్నుంచీ దాని మొహం చూడ్డం లేదు. ముసుగేసి నిలబెట్టాను."

"నువ్వు పడ్డదాని మీద నన్ను ఎక్కమంటవా తల్లీ!"

"నేను పడింది గేదెని చూస్తూ. సైకిలు తప్పేం లేదు, గేదె తప్పూ లేదు," అంది కామాక్షి.

ముసుగు తీస్తే ఆకుపచ్చ రంగు బండి. సీటు కింద ఇటుకంత బరువైన బ్యాటరీ. పెడల్స్ ఉన్నాయి, తొక్కనూ వచ్చు, కుడి చేతి పిడి తిప్పితే దానంతట అదీ పోతుంది. హ్యాండిల్ మీద చిన్న దీపాలు. ఆకుపచ్చ ఉంటే నిండుగా ఉన్నట్టు, ఎరుపొస్తే దగ్గర పడ్డట్టు. డాక్టరును అడిగితే, "సీటు ఎత్తు పెంచుకో, మోకాలు మరీ ముడుచుకోకుండా మెల్లగా తొక్కు. ఎత్తు వస్తే మోటారుకి వదిలెయ్యి. నడక కంటే ఇదే నయం నీకు" అన్నాడు. నేను అడిగింది ఆయన వద్దంటాడేమోనన్న ఆశతోనే. ఆయనా వద్దనలేదు.

చిన్నప్పుడు మా అన్న సైకిలు కడ్డీ కింద నుంచి కాలు దూర్చి తొక్కినదాన్ని. ఆ తర్వాత మళ్ళీ ఇదే. కరెంటు కోతలకి నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో సగం ఫ్యాక్టరీలు మూతబడి రోడ్లు బోసిపోయి ఉన్నాయి. అక్కడ కామాక్షి వెనక పరుగెత్తుతూ ఉంటే నేను ముందు నడిపాను. నడిపాననడం పెద్దమాట. బొగ్గు బాయిల్లో కూడా సమ్మె, అందుకే కరెంటు లేదని పేపర్లో చదివాను. ఆ కాసింత కరెంటంతా ఈ బండిలోకే వచ్చిందేమో అన్నట్టు అది ఉరికింది.

ఇబ్బంది ఎక్కడంటే, భయమేస్తే మనిషి పిడి గట్టిగా పట్టుకుంటాడు. గట్టిగా పట్టుకుంటే పిడి తిరుగుతుంది. తిరిగితే బండి ఇంకా జోరుగా పోతుంది. జోరుగా పోతే ఇంకా భయం.

"వదినా వదిలెయ్యండీ!" అని కామాక్షి అరుపు.

"వదిలితే పడ్తనే!"

"పిడి వదలొద్దు, పట్టు వదులు చెయ్యండి! బ్రేకు వదినా బ్రేకు!"

ఒక మందుల కంపెనీ గేటు ముందు స్టూలేసుకుని కూర్చున్న వాచ్‌మన్ మొగిలయ్య లేచి నిలబడ్డాడు. "అవ్వా, గేటు ఇనుపదే, ఏం గాదు. గని నేను మాంసపోణ్ణి, జర పక్కకు పోనియ్యి" అన్నాడు. అతని స్టూలుకి ఒక అడుగు ఇవతల బ్రేకు పట్టింది. ముగ్గురిలో ముందుగా నవ్వింది మొగిలయ్యే. "అవ్వ అన్ననని కోపం జేసుకోకు, అక్కా. పాణం బోతుంటే వరసలు యాదికి రావు" అన్నాడు.

మూడు నాలుగు పొద్దులు అక్కడే తిరిగాక చేతికి బుద్ధి వచ్చింది. భయమేసినప్పుడల్లా వేళ్ళు వదులు చేయడం నేర్చుకున్నాను. యాభై ఏళ్ళలో నేను నేర్చుకున్న వాటిల్లో అదే కష్టమైంది.

బండి ఇంటికి తెచ్చిన సాయంత్రం మా ఆయన దాని చుట్టూ ఒకసారి తిరిగాడు.

"ఏంది గిది? పిల్లలకు ఆడుకోనీకా?"

"మోకాళ్ళకు. డాక్టరు తొక్కమన్నడు. మార్కెట్‌కు పోయొస్త."

"బ్యాటరీతోని ఉరికితే మోకాళ్ళకేం కసరతు?" హారన్ నొక్కి చూశాడు. పీచుమిఠాయి బండివాడి గంటలా మోగింది. "ఇగ లారీలోళ్ళు భయపడి సైడు ఇస్తరు పో" అన్నాడు.

అన్నాడే గాని, మర్నాడు టెంటు నుంచి వచ్చాక గుడ్డముక్క తీసుకుని బండి తుడవడం మొదలుపెట్టాడు. ఇన్నేళ్ళూ రోజంతా స్టీరింగ్ పట్టుకున్న చేతులు, ఊరికే ఉండలేకపోయాయి. అద్దం లేకపోతే అద్దం తెచ్చి బిగించాడు. గాలి చూశాడు, చైనుకి నూనె రాశాడు. మా అరుగు మీద ఒక బస్సు ఉన్నట్టే ఉండేది.

మొదటిసారి పీర్జాదిగూడ బయలుదేరినప్పుడు కాలేజీ పిల్లల్లా మొహానికి చున్నీ చుట్టుకున్నాను. కళ్ళు మాత్రమే కనబడేలా. అద్దంలో చూసుకుంటే నాకే నేను దొంగలా అనిపించాను. ఉప్పల్ చౌరస్తా తప్పించుకుని చిలకానగర్ సందులు పట్టి, బోడుప్పల్ లోపల నుంచి వరంగల్ రోడ్డు మీద తేలాను. నాకు ఆ దారులు తెలియవు. తెలిసినవన్నీ బస్సు దారులే. పెళ్ళయి వచ్చాక నేను అక్షరాలు నేర్చుకుంది కూడా బస్సు బోర్డులు చూసి. ఆ రోజు మాత్రం ఏ బోర్డూ లేని సందుల్లో నేనొక్కదాన్నే, చప్పుడు లేకుండా, ఇంటి ముందు ఆరేసిన బట్టల కింద నుంచి, నిద్రపోతున్న కుక్కల పక్క నుంచి పోతున్నాను. ఒక్క కుక్కా లేవలేదు. మోకాలు ఒక్కసారి కూడా అమ్మా అనలేదు. భయపడుతూనే ఉన్నాను, కానీ ఆ భయం కింద ఏదో ఉల్లాసం కితకితలు పెట్టింది. చున్నీ లోపల నవ్వుకున్నాను.

సంతోషి తలుపు తీసి నన్ను ఎగాదిగా చూసింది.

"ఎవరు గావాలె?"

"బతుకమ్మకు పూలు అమ్ముతమమ్మా."

"ఈడ వద్దు, పో," అని తలుపు వేయబోయి, నా కాళ్ళు చూసింది. కన్నబిడ్డ కాళ్ళను బట్టి గుర్తుపట్టింది. "అమ్మా! ఎట్లొచ్చినవే?" అని నా వెనక ఉన్న బండిని చూసి, నోటి మీద చెయ్యేసుకుని, గోడకి ఆనుకుని నవ్వింది. పొట్ట పట్టుకుని మరీ నవ్వింది. "మెల్లగ, మెల్లగ" అని నేను మళ్ళీ భయపడ్డాను.

దయాకర్ మధ్యాహ్నం అన్నానికి వచ్చాడు. నన్ను చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"అత్తమ్మా, మామకు ఎరికేనా?"

"లేదు బిడ్డా."

"అయితే నేను చూడలే," అని వెనక్కి తిరిగి పోబోయి, మళ్ళీ తలుపు సందులోంచి, "కరెంటున్నది, బ్యాటరీ పెట్టుకో. మళ్ళ రెండింటికి పోతది" అన్నాడు.

అలా రోజు విడిచి రోజు పోయొచ్చాను. ఎప్పుడు పోవాలన్నది కరెంటే చెప్పేది. కరెంటు రాగానే గల్లీ అంతా "వచ్చింది!" అని అరిచేది, నేను పిండి చేతులతోనే చార్జరు పెట్టేదాన్ని. సంతోషి జడ వేసేదాన్ని, కాళ్ళకు నూనె రాసేదాన్ని, వచ్చేటప్పుడు "పిలవమని నాయినకు చెప్పవే" అంటే "చెప్త" అని చెప్పకుండా వచ్చేదాన్ని. తిరుగుదారిలో ఎక్కడో ఒకచోట మార్కెట్ బండి ఆపి ఒక సొరకాయో, కట్ట తోటకూరో కొని బుట్టలో కనబడేలా పెట్టేదాన్ని. ఆ రోజుల్లో మా ఇంట్లో తిన్నంత తోటకూర ఎవరి ఇంట్లోనూ తిని ఉండరు. ఒకరోజు మెట్లు దిగాక గోడ పట్టుకోవడం మరిచిపోయానని గుర్తొచ్చి, మళ్ళీ ఎక్కి, మళ్ళీ దిగి చూసుకున్నాను. నిజమే.

కానీ తొమ్మిదో నెల పడింది. దయాకర్ వాళ్ళ అమ్మ కౌసల్యమ్మ ఊరి నుంచి ఫోన్ చేసి, "పుట్టింటోళ్ళు తీసుకపోరా ఏంది? మేము తీసుకపోవాల్నా?" అని అడిగిందట. వాళ్ళ ఊరు జనగామ అవతల. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు అన్నం సహించలేదు. ఇప్పుడు తీసుకుపోతే, పురిటికి నేను ఉండను. పురిటికి రాని తల్లి మాటా, పిలవని తండ్రి మాటా ఇంట్లో తరతరాలు పడి ఉంటాయి. మా అన్న తువ్వాలు భుజాన వేసుకున్నప్పుడూ ఇంతే, ఎవరూ పెద్దగా అనుకోలేదు.

సద్దుల బతుకమ్మ రోజు పొద్దున్నే నువ్వుల సద్ది, పల్లీల సద్ది చేసి డబ్బాలో సర్దాను. మా ఆయన అరుగు మీద బండిని పక్కకి వంచి, వెనక మడ్‌గార్డు కింద పుల్లతో గీకుతున్నాడు.

"ఇయ్యాల గూడ మార్కెటేనా?"

"ఆ. పూలు తేవాలె. గునుగు పూలు."

"ఊఁ." గీకుతూనే ఉన్నాడు. గీకిన మట్టిని వేళ్ళ మధ్య నలిపి చూసి, నేలకి తుడిచాడు. "బోడుప్పల్ కమాను దాటినంక తవ్విన్రు. వాన నీళ్ళు నిండినయి, గుంత కనబడది. ఎడమకు ఒత్తి పో."

గుడ్డ దులిపి, మడిచి, సీటు కింద పెట్టి లోపలికి పోయాడు. టీవీ సౌండు పెరిగింది.

నేను డబ్బా పట్టుకుని అలాగే నిలబడ్డాను. నాచారం మార్కెట్టుకి పోయే దారిలో బోడుప్పల్ ఎక్కడుంది? వంగి నేల మీద చూశాను. మా వైపు మట్టి ఎర్రగా ఉంటుంది. ఆయన గీకింది తెల్లటి బురద, గట్టిపడిన సిమెంటు పాలు. పీర్జాదిగూడలో గల్లీకో అపార్టుమెంటు లేస్తోంది కదా, ఆ గల్లీల్లో తప్ప ఇంకెక్కడా అంటుకోదు. డిపోలో టైరుకంటిన మట్టి చూసి ఏ బస్సు ఏ రూటు నుంచి వచ్చిందో చెప్పే మనిషికి, రోజూ తన చేత్తో తుడిచే బండి విషయం తెలియదనుకున్నాను. తోటకూర కట్టతో కప్పేశాననుకున్నాను.

ఎడమకు ఒత్తే పోయాను.

దసరా నాడు ఆయన మొహం చూడలేకపోయాను. ఏటా ఆ రోజు డిపోలో ఆయన బస్సుకి అరటి పిలకలు కట్టి, బంతిపూల దండ వేసి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, కొత్త చొక్కాతో ఫోటో దిగేవాడు. ఈసారి బస్సు డిపో లోపల దుమ్ము కొట్టుకుని ఉంది. పొద్దంతా అరుగు మీద ఊరికే కూర్చున్నాడు. తర్వాత లేచి, అడక్కుండానే నా పూలబుట్టలోంచి బంతిపూలు తీసి సైకిలుకి దండ కట్టాడు. పసుపు, కుంకుమ పెట్టాడు. రెండు చక్రాల కిందా నిమ్మకాయలు పెట్టి, "ఎక్కి తొక్కించు" అన్నాడు. కామాక్షి గోడ మీంచి చూస్తూ, "మా సైకిలుకి పెళ్ళి చేస్తున్నారా అన్నయ్యగారూ? పుట్టింటివాళ్ళం, ఒక మాట చెప్పొద్దూ!" అంది. ఆయన ఆ రోజు మొదటిసారి నవ్వాడు.

మధ్యాహ్నం దాటాక జమ్మి ఆకు తెచ్చాడు. మా వైపు దసరా నాడు జమ్మిని బంగారం అంటాం. చిన్నవాళ్ళు పెద్దవాళ్ళ చేతిలో పెట్టి కాళ్ళకు మొక్కుతారు. ఎంత పగవాడైనా చేతిలో పెట్టిన జమ్మిని వద్దనకూడదు. ఆయన నా చేతిలో నాలుగు రెమ్మలు పెట్టి నిలబడ్డాడు. జేబులో ఇంకా ఉన్నాయి.

"నేను బిడ్డ దగ్గరికి పోతున్న," అన్నాను. నోట్లోంచి వచ్చాక గాని నాకే తెలియలేదు.

"పో. నేను పట్టుకున్ననా?"

"నువ్వు రా."

"చిన్నోడు వచ్చి పెద్దోనికి పెట్టాలె. పెద్దోడే ఉరికిపోయి పెడ్తె ఏం మర్యాద అది?"

"నువ్వు పెట్టకు. నీ జేబుల ఉంచుకో. నా ఎంబడి ఊకె రా. నాకు ఒక్కదానికి భయమైతది."

"ఇన్ని దినాలు కాలే భయం?"

"అయింది. అయితే పోయిన."

ఆయన బండి వైపు చూశాడు. గల్లీ అటు చూశాడు, ఇటు చూశాడు. ఎవరూ లేరని నమ్మకం కుదిరాక వెనక సీటు మీద కూర్చున్నాడు. మా పెళ్ళయిన నాటి నుంచి ఆయన ఒకరి వెనక కూర్చోవడం నేను చూడలేదు.

"బ్రేకు చూసినవా? హారన్ కొట్టు. ఆ మేక దిక్కు చూడకు, రోడ్డు చూడు. సైడు ఇయ్యి, సైడు ఇయ్యి!"

"డ్రైవరుతోని మాట్లాడరాదు," అన్నాను. "మీ బస్సుల్ల రాసి ఉంటది, చదువుకోలేదా?"

బోడుప్పల్ దాకా నోరు మూసుకున్నాడు.

ఇద్దరి బరువు, పొద్దున సరిగా నిండని బ్యాటరీ. వరంగల్ రోడ్డు దాటి పీర్జాదిగూడ ఎత్తు ఎక్కేటప్పుడు దీపాలు ఒకదాని తర్వాత ఒకటి ఆరిపోయి, ఎర్రది మిగిలి, అదీ పోయింది. తొక్కబోయాను. మోకాలు కలుక్కుమంది.

"దిగకు," అన్నాడు ఆయన, తాను దిగుతూ. "నువ్వు స్టీరింగ్ పట్టుకో. నేను దొబ్బుత."

దండ వేసుకున్న ఆకుపచ్చ సైకిలు మీద పట్టుచీరలో నేను, వెనక కొత్త చొక్కా చేతులు మడిచి తోస్తూ మా ఆయన. దారినపోయేవాళ్ళంతా జమ్మికి పోతూ ఆగి చూశారు. ఎదురుగా డిపో కండక్టరు ఒకతను స్కూటరాపి, "ఏంది ఉప్పలన్నా! సమ్మెల ఉండి గూడ బండి నడుపుతున్నవు?" అన్నాడు.

"నడుపుతలేనురా, దొబ్బుతున్న! నీకు కండ్లు లేవా?"

"టికెట్ కొట్టాల్నా మరి?"

"నీ అయ్యకు కొట్టుపో!"

ఆ నవ్వుల్లోనే సంతోషి వాళ్ళ గల్లీ మలుపు తిరిగాం. దయాకర్ ఇంటి ముందు వ్యానుకి దండ సరిచేస్తున్నాడు. తలెత్తి చూశాడు. ముందు నన్ను, తర్వాత నా వెనక వంగి తోస్తున్న మనిషిని.

నేను అంతా ఆలోచించుకుని వచ్చాను: అతను లోపలికి పోతే ఏం చెప్పాలి, తలుపేసుకుంటే ఏం చెయ్యాలి అని. అతను పోలేదు. దండ కిందపడేసి ఉరికొచ్చాడు. డ్రైవర్లకి అదొక జబ్బు. దారిలో ఎవరైనా బండి తోస్తుంటే, అది ఎవరి బండో, తోసేది ఎవరో చూడరు. ముందు చెయ్యి వేస్తారు, తర్వాత మొహం చూస్తారు. దయాకర్ మొహం చూశాక కూడా చెయ్యి వేశాడు. వెనక సీటు కడ్డీని ఒకవైపు ఆయన, ఇంకొకవైపు ఇతను పట్టుకున్నారు. నా వీపు వెనక ఇద్దరి ఊపిరీ వినబడుతోంది. తిరిగి చూస్తే ఎక్కడ చెదురుతుందోనని నేను రోడ్డే చూస్తూ కూర్చున్నాను.

ఇంట్లో కుర్చీలు వేశారు. దయాకర్ జమ్మి తెచ్చి మా ఆయన చేతిలో పెట్టి కాళ్ళ దగ్గర వంగాడు. మా ఆయన గుప్పిట మూసుకున్నాడు. వంగిన తల వైపు చూసి, నా వైపు తిరిగి, "లెవ్వుమను" అన్నాడు.

"లెవ్వమంటున్నరు," అన్నాను.

"బిడ్డను తీసుకపోనీకి వచ్చినమని చెప్పు."

దయాకర్ సంతోషి వైపు తిరిగాడు. "ఎప్పుడు పోవాల్నో అడుగు."

"నేను తపాల డబ్బానా?" అంది సంతోషి. "ఇద్దరికీ నోర్లు లేవా, చెవులు లేవా? అయితే ఇనున్రి. నేను ఇప్పుడే పోత. వ్యాన్ల పోత. ఆటోల కుదుపులకు నాతోని కాదు."

మా ఆయన మెడ గోక్కున్నాడు. "సమ్మె అయ్యేదాక నేను ప్రైవేటు బండి ఎక్క. టెంటుల మాటిచ్చిన." ఆ మాట నాకు చెప్పాడో, గోడకి చెప్పాడో తెలియదు. దయాకర్ బయటికి పోయి బండి బుట్టలోంచి చార్జరు తీసి బ్యాటరీకి పెట్టాడు. ఆ పండుగ పూట కరెంటు ఉంది. టీ తాగి, సంతోషి బట్టలు మూట కట్టేసరికి దీపాలు పసుపుదాకా వచ్చాయి. "సాలు," అన్నాడు మా ఆయన. "తక్కువైతే తొక్కుత. నా మోకాళ్ళు మంచిగనే ఉన్నయి."

వ్యానులో ముందు దయాకర్, వెనక సీటులో నేను, సంతోషి. మా వెనక ఆడవాళ్ళ సైకిలు మీద, మెడ నిక్కించి, బస్సు నడిపినట్టే కూర్చుని మా ఆయన. దయాకర్ అద్దంలో ఆయన్ని చూసుకుంటూ, ఆయన అందుకునేలా మెల్లగా పోనిచ్చాడు. నేను వెనక అద్దంలోంచి చూస్తూనే ఉన్నాను. మలుపు వచ్చినప్పుడు కనబడకుండా పోయాడు, మళ్ళీ వచ్చాడు.

వరంగల్ రోడ్డు ఎక్కేచోట రాళ్ళు తేలి ఉన్నాయి. వ్యాను ఒక్కసారి ఎగిరిపడింది. సంతోషి "అమ్మో" అంది. వెనక నుంచి పీచుమిఠాయి హారన్ ఆగకుండా మోగింది.

"ఓ దయాకర్!" అని అరుపు. "ఏం నడుపుడురా అది! క్లచ్ మీద కాలు తియ్యి, మెల్లగ దింపు! లోపల నా బిడ్డున్నది!"

దయాకర్ కిటికీలోంచి తల బయటపెట్టాడు. "సరే మామా!"

"సరే కాదు, ముందు చూసి నడుపు!"

సంతోషి నవ్వు ఆపుకోలేక ముందుకి వంగి, నా మోకాలి మీద చెయ్యేసి గట్టిగా ఒత్తింది. ప్రాణం పోయినంత నొప్పి పుట్టింది. చెయ్యి తియ్యమని అనలేదు.